స్కూల్ బోర్డు సభ్యత్వం రాజకీయాలకు తొలి మెట్టేనా?

మీరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది: "నేను న్యూజెర్సీలో ఉంటున్నాను, పౌరసత్వం వచ్చి నాలుగేళ్ళయింది, మా ఊరి స్కూల్ బోర్డుకు పోటీ చేయమని స్నేహితులు ఒత్తిడి చేస్తున్నారు. జిమ్మీ కార్టర్ కూడా స్కూల్ బోర్డు నుంచే మొదలై అధ్యక్షుడయ్యాడని చెబుతున్నారు. నిజంగా ఇది రాజకీయ జీవితానికి తొలి మెట్టు అవుతుందా? ప్రచారం ఎలా ఉంటుంది?" నేను ఇదే రాష్ట్రంలో ఒక మధ్యరకం ఊళ్ళో మూడుసార్లు పోటీ చేసి, మొదటిసారి ఓడిపోయి, తర్వాత రెండు విడతలు బోర్డులో పనిచేసినవాణ్ణి. కాబట్టి కాస్త వివరంగా చెప్పే సాహసం చేస్తున్నాను. కార్టర్ పేరు ఎత్తారు కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆయన ఉదాహరణను మన మిత్రులు సగమే చెబుతారు, చెప్పని సగంలోనే మీకు పనికొచ్చే విషయం ఉంది.

మొదట ఒక సవరణ. కార్టర్ స్కూల్ బోర్డుకు ఎన్నిక కాలేదు. జార్జియా రాష్ట్రంలో ఆ రోజుల్లో చాలా కౌంటీల (మన జిల్లాల్లాంటివి) విద్యా బోర్డు సభ్యులను ప్రజలు ఎన్నుకునేవారు కాదు, కౌంటీ గ్రాండ్ జ్యూరీ, అంటే కోర్టు తరఫున కూర్చునే పౌరుల బృందం, నియమించేది. 1953లో తండ్రి చనిపోవడంతో నౌకాదళంలో ఉద్యోగం వదులుకుని, స్వగ్రామమైన ప్లెయిన్స్‌కు తిరిగివచ్చి, వేరుశనగ విత్తనాల వ్యాపారం, గిడ్డంగి చూసుకుంటున్న కార్టర్‌ను 1950ల మధ్యలో సమ్టర్ కౌంటీ విద్యా బోర్డులోకి తీసుకున్నారు. ఆయన తండ్రి కూడా అదే బోర్డులో సభ్యుడిగా ఉన్నవాడే. ఊళ్ళో పేరున్న కుటుంబం, నలుగురూ ఎరిగిన పెద్దమనిషి కొడుకు, చదువుకున్నవాడు. మన వైపు ఒకప్పుడు పెద్ద రైతు కొడుకు సొసైటీ ప్రెసిడెంటు అయినట్టే అన్నమాట. అందులో గొప్ప పోరాటమేమీ లేదు.

ఆ కుర్చీలో కూర్చున్న తర్వాత జరిగినది మాత్రం గమనించదగినది. అమెరికా సుప్రీం కోర్టు 1954 మేలో బడుల్లో జాతి విభజన చెల్లదని తీర్పు ఇచ్చినా, సమ్టర్ కౌంటీలో తెల్లవారి బడులు వేరు, నల్లవారి బడులు వేరు అనే పద్ధతి యథాతథంగా కొనసాగింది. తెల్ల పిల్లలు బస్సుల్లో బడికి వెళ్తున్నారనీ, నల్ల పిల్లలు నడిచి వెళ్తున్నారనీ బోర్డులో చేరిన కొన్ని నెలల దాకా తనకు తట్టనే లేదని కార్టర్ తర్వాతి కాలంలో తన ఆత్మకథలో స్వయంగా ఒప్పుకున్నారు. ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ రోడ్ల మీదే పెరిగి, రోజూ ఆ పిల్లలను చూస్తూ కూడా చూడని మనిషి! ఈ ఒప్పుకోలును నేను చాలామందికి చెబుతుంటాను, ఎందుకంటే బోర్డులో చేరిన తొలి ఏడాది నాకు జరిగింది కూడా చిన్న స్థాయిలో అదే.

మా రాష్ట్రంలో చిన్న తరగతుల పిల్లల ఇల్లు బడికి రెండు మైళ్ళకు మించి దూరంలో ఉంటే, హైస్కూలు పిల్లలకైతే రెండున్నర మైళ్ళకు మించి ఉంటే, స్కూలు జిల్లా, అంటే ఆ ఊరి బడులను నడిపే స్థానిక సంస్థ, తన ఖర్చుతో బస్సు పెట్టాలి. అంతకంటే దగ్గరలో ఉన్నవాళ్ళకు పెట్టడమా మానడమా అన్నది బోర్డు ఇష్టం, బడ్జెట్ ఇష్టం. నేను చేరిన రెండో నెలలో ఒక అద్దె అపార్ట్‌మెంట్ల సముదాయం నుంచి ఇద్దరు తల్లులు సమావేశానికి వచ్చారు. వాళ్ళ ఇళ్ళు 1.9 మైళ్ళ దూరంలో ఉన్నాయని కొలత చెబుతోంది. ఆ దారిలో నాలుగు లేన్ల రోడ్డు ఒకటి ఉంది, దానికి ఒక పక్క కాలిబాట లేదు, శీతాకాలంలో పక్కకు నెట్టిన మంచు గుట్టల మధ్య నుంచి ఆరేళ్ళ పిల్లలు నడుస్తున్నారు. నేను ఆ రోడ్డు మీద వారానికి పదిసార్లు కారులో పోతుంటాను. ఆ పిల్లలు నాకు ఎన్నడూ కనిపించలేదు. మా వీధిలో అందరికీ కార్లున్నాయి, బస్సు లేకపోతే అమ్మో నాన్నో దింపుతారు. నేను మరునాడు ఉదయం ఏడున్నరకు ఆ దారిలో నడిచి చూశాను. బూట్లలోకి నీళ్ళు వచ్చాయి. ప్రమాదకరమైన దారి అని గుర్తించి ఆ ఒక్క రూటుకు బస్సు వేయించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ డబ్బు ఎక్కడి నుంచి తీశామో, ఎవరికి కోపం వచ్చిందో తర్వాత చెబుతాను.

ఇక కార్టర్ విషయానికి వస్తే, చూసిన తర్వాత ఆయన ఏం చేశారన్నది నిజాయితీగా చెప్పుకోవాలి. జాతి విభజనను ఆయన బోర్డు సభ్యుడిగా బహిరంగంగా ఎదిరించలేదు. నల్ల పిల్లల బడులకు తెల్ల పిల్లలు వాడి వదిలేసిన పుస్తకాలు వెళ్తున్నాయని తెలిసింది, సౌకర్యాలు మెరుగుపరచడానికి ప్రయత్నించారు, అంతవరకే. అయితే తెల్లవారి ఆధిపత్యాన్ని నిలబెట్టడానికి ఏర్పడిన వైట్ సిటిజన్స్ కౌన్సిల్‌లో చేరడానికి నిరాకరించారు. ఊళ్ళోని తెల్ల మగవాళ్ళలో చేరనిది తాను ఒక్కడేనని, చందా తామే కడతామన్నా ఒప్పుకోలేదని, అందుకు కొంతకాలం తన వ్యాపారాన్ని బహిష్కరించారని ఆయనే చెప్పుకున్నారు. ధైర్యం, జాగ్రత్త రెండూ కలగలిసిన మనిషి. ఆయనను మహావీరుడిగా చూపించే కథనాలు నాకు రుచించవు, అవకాశవాదిగా కొట్టిపారేసేవి అంతకన్నా రుచించవు.

ఆయన అసలైన మొదటి ఎన్నికల ప్రచారం తన కోసం చేసినది కాదు. 1960ల మొదట్లో బోర్డు అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, కౌంటీ బడుల వ్యవస్థనూ అమెరికస్ పట్టణపు బడుల వ్యవస్థనూ కలిపేసి, చిన్న చిన్న హైస్కూళ్ళ స్థానంలో సైన్స్ ప్రయోగశాలలూ ఎక్కువ సబ్జెక్టులూ ఉండే పెద్ద బడి పెట్టాలన్న ప్రతిపాదనను ఆయన భుజాన వేసుకున్నారు. దాని మీద 1961లో కౌంటీలో ఓటింగు జరిగింది. ఊరూరా సభలు పెట్టి మాట్లాడారు. అమెరికస్ పట్టణం ఒప్పుకుంది గానీ పల్లెలు ఒప్పుకోలేదు. "మా ఊరి హైస్కూలు పోతుంది" అన్న భయం ఒకటి, బడులు కలిపితే రేపు జాతులను కలపడం కూడా సులువవుతుందన్న అనుమానం ఇంకొకటి. కార్టర్ సొంత ఊరు ప్లెయిన్స్ కూడా వ్యతిరేకంగా ఓటు వేసింది, ఆయనకు వరసకు సోదరుడైన హ్యూ కార్టరే అవతలి పక్షాన నిలబడ్డారు. ప్రతిపాదన స్వల్ప తేడాతో వీగిపోయింది. ఫలితం వచ్చిన తర్వాత కార్టర్ గిడ్డంగి తలుపు మీద ఆయనను అవమానిస్తూ రాసిన బోర్డు ఒకటి తగిలించి ఉంది.

కార్టర్ రాజకీయ జీవితం ఈ ఓటమితో మొదలైందని నా అభిప్రాయం, నియామకంతో కాదు. బడులను బాగు చేయాలంటే కౌంటీ బోర్డు చేతిలో ఉన్న అధికారం చాలదనీ, నిధులూ చట్టాలూ రాష్ట్ర రాజధాని అట్లాంటాలో తేలుతాయనీ ఆయనకు అర్థమైంది అప్పుడే. అదే సమయంలో బయట మరో మార్పు జరిగింది. నియోజకవర్గాల జనాభా అసమానతలను కోర్టులు విచారించవచ్చని 1962 మార్చిలో సుప్రీం కోర్టు తేల్చడం, ఆ వెనుకే జార్జియాలో చిన్న కౌంటీలకు మితిమీరిన బలాన్నిచ్చే కౌంటీ యూనిట్ పద్ధతిని ఫెడరల్ కోర్టు కొట్టివేయడంతో, రాష్ట్ర సెనేట్ స్థానాలను కొత్తగా విభజించి హడావిడిగా ఎన్నికలు పెట్టారు. అంతవరకూ కౌంటీల మధ్య వంతులవారీగా తిరుగుతూ వచ్చిన సెనేట్ సీటు ఏడు కౌంటీల కొత్త నియోజకవర్గంగా మారింది. పాత పెద్దలకు కూడా ఆ నియోజకవర్గం కొత్తదే. కొత్తవాడు దూరడానికి అంతకన్నా మంచి సందు దొరకదు.

1962 అక్టోబర్ 1న, తన 38వ పుట్టినరోజున, కార్టర్ రోజూ వేసుకునే పని బట్టలు కాకుండా మంచి ప్యాంటు వేసుకుంటుంటే, ఏదైనా అంత్యక్రియలకు వెళ్తున్నారా అని భార్య రోజలిన్ అడిగిందట. కాదు, సెనేట్‌కు పోటీ చేస్తున్నట్టు పత్రికలో ప్రకటన ఇవ్వడానికి అమెరికస్ వెళ్తున్నానని ఆయన బదులిచ్చారు. అప్పటిదాకా భార్యకే చెప్పలేదు! దయచేసి ఈ విషయంలో మాత్రం కార్టర్‌ను అనుసరించకండి. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నిక అక్టోబర్ 16న, అంటే చేతిలో రెండు వారాలు. పార్టీ యంత్రాంగం లేదు. రోజలిన్ ఓటర్ల జాబితా ముందు పెట్టుకుని ఫోన్లు చేసింది, ఆయన ఊరూరా తిరిగి కనిపించినవారికల్లా చేయి కలిపారు. వేరుశనగ కొనుగోలుదారులు, లయన్స్ క్లబ్ సభ్యులు, బాప్టిస్టు చర్చి పరిచయాలు, స్కూల్ బోర్డు వల్ల తెలిసిన ఉపాధ్యాయులు, ఇదీ ఆయన సైన్యం. ప్రత్యర్థి హోమర్ మూర్ కూడా వేరుశనగ వ్యాపారే.

పోలింగు నాడు క్విట్‌మన్ కౌంటీలోని జార్జ్‌టౌన్‌లో జరిగింది వింటే మన పాత ఎన్నికల కథలు గుర్తుకొస్తాయి. అక్కడ జో హర్స్ట్ అనే స్థానిక పెద్ద చెప్పిందే వేదం. రాష్ట్ర శాసనసభలో సభ్యుడు, కౌంటీ డెమొక్రాటిక్ పార్టీ ఆయన గుప్పిట్లో ఉండేది. ఓటు వేయడానికి చాటు ఏర్పాటు లేదు, బల్ల మీద అందరి ముందు వేయాలి. ఓటరు వద్దనుకున్న పేరు కొట్టేయాలి, ఆ పేరు ఎవరిదో హర్స్ట్ దగ్గరుండి చెబుతున్నాడు. ఓట్లు పడే అట్టపెట్టె మూతకు చేయి పట్టేంత కంత ఉంది, తనకు నచ్చని ఓటు పడితే అందులో చేయిపెట్టి బయటికి తీస్తున్నాడు. కార్టర్ తరఫున అక్కడ కూర్చున్న మిత్రుడు జాన్ పోప్ ఇదంతా చూసి ఫోన్ చేశాడు. కార్టర్ స్వయంగా వెళ్ళి చూసినా ఆ రోజు ఎవరూ ఆపలేకపోయారు. లెక్కింపులో కార్టర్ 139 ఓట్ల తేడాతో ఓడిపోయినట్టు తేలింది.

ఆ తర్వాతి మూడు వారాలే నా దృష్టిలో ఆయన రాజకీయ విద్య. చుట్టుపక్కలవాళ్ళు వదిలేయమన్నారు, ఓడిపోయి ఏడుస్తున్నాడన్న మాట పడతావన్నారు. అట్లాంటా జర్నల్ విలేకరి జాన్ పెన్నింగ్టన్ జార్జ్‌టౌన్‌కు వెళ్ళి ఓటర్ల జాబితా తిరగేసి, చనిపోయినవాళ్ళూ జైల్లో ఉన్నవాళ్ళూ ఓటు వేసినట్టు ఉందనీ, వందకు పైగా ఓటర్లు అక్షరక్రమంలో వరసకట్టి వచ్చి ఓటు వేసినట్టు నమోదైందనీ బయటపెట్టాడు. చార్లెస్ కిర్బో అనే అట్లాంటా న్యాయవాది కేసు నడిపాడు. ఇచ్చిన బ్యాలెట్ల తాలూకు ఆధారాలు 333 ఉంటే పెట్టెలో ఓట్లు 420 ఉన్నాయి. జడ్జి కార్ల్ క్రో జార్జ్‌టౌన్ ఓట్లను మొత్తం పక్కన పెట్టారు. అప్పుడు కార్టర్ 65 ఓట్లతో గెలిచినట్టయింది. అంతటితో అయిపోలేదు. బ్యాలెట్ మీద ఎవరి పేరు ఉండాలన్న దాని మీద మళ్ళీ కోర్టు, ఎన్నిక ముందురోజు రాత్రి మరో జడ్జి ఇద్దరి పేర్లూ తీసేసి ఓటర్ల చేతనే పేరు రాయించమని ఆదేశం, దాన్ని అన్ని కౌంటీలూ ఒకే తీరుగా అమలు చేయకపోవడం. నవంబర్ 6న జరిగిన సాధారణ ఎన్నికలో కార్టర్ 831 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. 1963 జనవరిలో ప్రమాణం చేసేదాకా సీటు దక్కుతుందన్న నమ్మకం లేదు. జో హర్స్ట్ తర్వాత ఎన్నికల మోసం కేసులో దోషిగా తేలాడు. ఇక కేసు నడిపిన కిర్బో కడదాకా కార్టర్‌కు అత్యంత సన్నిహితుడైన సలహాదారుగా నిలిచాడు.

సెనేట్‌లో ప్రతి బిల్లునూ చదివే ఓటు వేస్తానని ఆయన మాట ఇచ్చి, ఆ మాట నిలుపుకోవడానికి వేగంగా చదవడం నేర్పే కోర్సులో చేరారు. విద్యా కమిటీలో పనిచేశారు, అమెరికస్‌లోని జార్జియా సౌత్‌వెస్టర్న్ కాలేజీని నాలుగేళ్ళ కాలేజీగా మార్పించడానికి పట్టుబట్టారు. 1966లో గవర్నర్ పదవికి పోటీ చేసి ప్రైమరీలో మూడో స్థానంలో ఆగిపోయారు, 1970లో గెలిచారు, 1976లో అధ్యక్షుడయ్యారు. 1979 అక్టోబర్‌లో ఫెడరల్ ప్రభుత్వంలో విద్యకు ప్రత్యేక శాఖను ఏర్పరిచే చట్టం మీద సంతకం చేసింది కూడా ఆ పాత స్కూల్ బోర్డు అధ్యక్షుడే.

మీకు ఇంకో ఉదాహరణ కావాలంటే వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన ప్యాటీ ముర్రే ఉన్నారు. తల్లిదండ్రుల ప్రీస్కూల్ కార్యక్రమానికి నిధులు తీసేయవద్దని అడగడానికి వెళ్తే, "నువ్వు టెన్నిస్ బూట్లు వేసుకున్న మామూలు అమ్మవి, నీ వల్ల ఏమీ కాదు" అన్న అర్థంలో ఒక శాసనసభ్యుడు అన్నాడని ఆమె చెబుతారు. 1985 నుంచి 1989 దాకా షోర్‌లైన్ స్కూల్ బోర్డులో పనిచేసి, మధ్యలో రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికై, 1992లో అమెరికా సెనేట్‌కు గెలిచారు. కార్టర్‌కు, ఆమెకు మధ్య పోలిక ఒక్కటే: ఇద్దరినీ పైకి నడిపించింది ఒక నిర్దిష్టమైన బడి సమస్య. పదవి మీద మోజుతో మొదలుపెట్టి, తర్వాత సమస్య కోసం వెతుక్కున్నవాళ్ళు కారు.

లెక్క కూడా చూడండి. ఈ దేశంలో సుమారు 13 వేల స్కూలు జిల్లాలు, దాదాపు 90 వేల మంది బోర్డు సభ్యులు ఉన్నారు. వీళ్ళలో చాలామందికి జీతం లేదు, న్యూజెర్సీలో అసలే లేదు. అత్యధికులు రెండు విడతలు పనిచేసి, పిల్లలు హైస్కూలు దాటగానే ఇంటికి వెళ్ళిపోతారు. మెట్టు అనుకుని ఎక్కితే ఈ మెట్టు మీదే కాళ్ళు నొప్పి పుట్టి దిగిపోయేవాళ్ళే ఎక్కువ.

ఇప్పుడు మీ ఊరి సంగతి. న్యూజెర్సీలో మామూలుగా తొమ్మిది మంది సభ్యుల బోర్డు, మూడేళ్ళ పదవీకాలం, ఏటా మూడు సీట్లకు ఎన్నిక, పార్టీ గుర్తులు ఉండవు. మీరు ఓటరుగా నమోదై ఉండాలి, ఆ స్కూలు జిల్లాలో కనీసం ఏడాదిగా నివసిస్తూ ఉండాలి. నవంబర్‌లో ఎన్నిక పెట్టే ఊళ్ళలో నామినేషన్ పత్రం జూలై చివరి సోమవారం సాయంత్రం నాలుగు గంటలలోగా కౌంటీ క్లర్కు కార్యాలయంలో అందాలి. నాలుగు దాటి అయిదు నిమిషాలకు వచ్చి వెనుదిరిగినవాళ్ళను నేను కళ్ళారా చూశాను. సంతకాలు కనీస సంఖ్యకు రెట్టింపు చేయించుకోండి, ఎందుకంటే మనవాళ్ళలో సంతకం పెట్టేవాళ్ళు ఉత్సాహంగా పెడతారు గానీ, ఓటరుగా నమోదయ్యారా లేదా అన్నది వాళ్ళకే తెలియదు. పేరు పక్కన మూడు మాటలకు మించని నినాదం పెట్టుకోవచ్చు. ఎన్నికైన తర్వాత నేర చరిత్ర తనిఖీ, తప్పనిసరి శిక్షణ, ఆస్తులకూ బంధుత్వాలకూ సంబంధించిన వెల్లడి పత్రాలు ఉంటాయి. ప్రచారానికి వచ్చే, ఖర్చయ్యే ప్రతి డాలరుకూ లెక్క రాసిపెట్టుకోండి.

మన తెలుగువాళ్ళు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. సంఘాల కార్యక్రమాలకు వచ్చిన మూడు వందల మందిని చూసి మూడు వందల ఓట్లు అనుకుంటారు. మొదటిసారి నేను చేసింది అదే. దసరా బతుకమ్మకు, దీపావళికి వేదిక ఎక్కి మాట్లాడాను, చప్పట్లు కొట్టారు, ఫోటోలు దిగారు. 41 ఓట్ల తేడాతో ఓడిపోయాను. తర్వాత ఓటర్ల జాబితా తెప్పించుకుని, వంటింటి బల్ల మీద పరచుకుని, నా భార్య పేర్లు చదువుతుంటే నేను పెన్సిలుతో గుర్తులు పెట్టాను. మేము ఎరిగిన తెలుగు కుటుంబాల్లో సగం మందికి పౌరసత్వమే లేదు, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నారు. పౌరసత్వం ఉన్నవాళ్ళలో మూడో వంతు ఓటరుగా నమోదు కాలేదు. నమోదైనవాళ్ళలో చాలామంది అధ్యక్ష ఎన్నిక లేని ఏడాది బయటికి రాలేదు. ఆ జాబితాలో ఓటు వేసినవారి పేర్లు లెక్కపెడితే 60 చిల్లర. మా ఇంటి పక్కన రిటైరైన ఐరిష్ దంపతులు గత పన్నెండు ఎన్నికల్లో ఒక్కటి కూడా వదల్లేదు. వాళ్ళ తలుపు నేను ఒక్కసారి కూడా తట్టలేదు.

రెండోసారి ఆ పొరపాటు చేయలేదు. ఆగస్టు నుంచి శనివారాలన్నీ గడప గడపకూ తిరిగాను. ముందుగా ప్రతి ఎన్నికలోనూ ఓటు వేసేవారి ఇళ్ళకు వెళ్ళాను, వాళ్ళు ఎవరైనా సరే. పిల్లలు లేని వృద్ధుల ఇంటికి వెళ్ళి టెస్ట్ స్కోర్ల గురించి మాట్లాడితే మర్యాదకు వింటారు. ఆస్తి పన్ను బిల్లులో స్కూళ్ళ వాటా ఎంత, అది ఎందుకు పెరుగుతోంది, ఏటా పన్ను పెంపు మీద రాష్ట్రం విధించిన రెండు శాతం పరిమితిలో ఆరోగ్య బీమా ఖర్చు ఎలా దూరుతోంది అని వివరిస్తే కుర్చీ చూపిస్తారు. ఉచ్చారణ గురించి బెంగ పెట్టుకోకండి. నెమ్మదిగా మాట్లాడితే చాలు. "మీ పిల్లల కోసమే పోటీ చేస్తున్నారా?" అని ఎవరో ఒకరు అడుగుతారు, అందులో కొంచెం ముల్లు ఉంటుంది. దానికి బదులు ముందే ఆలోచించి పెట్టుకోండి.

ఇంకో సూక్ష్మం. మూడు సీట్లుంటే ఓటరుకు మూడు ఓట్లుంటాయి. అన్నీ వాడి తీరాలన్న నియమం లేదు. మీ గట్టి మద్దతుదారు మీకు వేసి, మిగిలిన రెండు ఓట్లూ ఊరికే తెలిసిన పేర్లకు వేస్తే ఆ రెండూ మీ మీదికే రావచ్చు. మా ఊళ్ళో రెండోసారి నేను గెలిచింది 27 ఓట్లతో. మీ ఒక్కరికే వేయమని అడగడం చట్టబద్ధమే. కానీ మరో ఇద్దరితో జట్టుగా పోటీ చేస్తూ చాటుగా అలా చెబితే చిన్న ఊళ్ళో వారం తిరగకుండా బయటపడుతుంది, ఆ తర్వాత బోర్డులో మీ పక్కన ఎవరూ ప్రేమగా కూర్చోరు. నేను విడిగానే నిలబడ్డాను, డబ్బు తక్కువైంది గానీ మొహమాటాలు తప్పాయి. పోస్టు ద్వారా వచ్చే ఓట్ల లెక్కింపు రోజుల తరబడి సాగుతుంది. ఆ రాత్రి ఫలితాన్ని చూసి ఓడానని గానీ గెలిచానని గానీ ప్రకటించకండి. 65 ఓట్ల కథ ఇంత వివరంగా చెప్పింది అందుకు కూడా.

ఇండియాలో ఉన్న మీ నాన్నగారికి ఈ పదవి ఏమిటో చెప్పడం కష్టమని రాశారు. నిజమే. మన దగ్గర విద్యాహక్కు చట్టం కింద ప్రతి ప్రభుత్వ బడికీ పాఠశాల యాజమాన్య కమిటీ ఉంటుంది, అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. వాటి ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు గానీ ఎవరు ఎవరి మనిషో ఊరందరికీ తెలుసు. అయితే ఆ కమిటీ పన్ను వేయలేదు, టీచర్‌ను నియమించలేదు. టీచర్లను డీఎస్సీ ద్వారా రాష్ట్రమే తీసుకుంటుంది. ఇక్కడి బోర్డు ఆస్తి పన్ను ఎంత కావాలో నిర్ణయిస్తుంది, బడులన్నిటి నిర్వహణ చూసే సూపరింటెండెంట్‌ను నియమిస్తుంది, యూనియన్‌తో జీతాల ఒప్పందం చేసుకుంటుంది. వయసు మళ్ళినవారికైతే జిల్లా బోర్డు రోజులు గుర్తు చేయండి. పంచాయతీరాజ్ వచ్చి జిల్లా పరిషత్ హైస్కూళ్ళు కాకముందు కోస్తా, రాయలసీమ పల్లెల్లో "బోర్డు హైస్కూలు" అనేవారు. ఆ బోర్డు అధ్యక్షుడి దగ్గరికి బదిలీల కోసం ఎంతమంది తిరిగేవారో వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. దానికి దగ్గరగా ఉంటుంది, అయితే ఇక్కడ బదిలీ కోసం సభ్యుణ్ణి ఆశ్రయిస్తే ఇద్దరికీ చిక్కే. న్యూజెర్సీ బోర్డు సభ్యుల నైతిక నియమావళిలో బడులను నడపడం మీ పని కాదు, అవి సరిగా నడిచేలా చూడటమే మీ పని అని రాసి ఉంటుంది. సమావేశం బయట ఒక్క సభ్యుడికి ఏ అధికారమూ ఉండదు. మన బంధువులు, స్నేహితులు "మా అమ్మాయిని ఆనర్స్ మాథ్స్‌లో వేయించండి" అని ఫోన్ చేస్తారు. కుదరదని చెప్పడం అలవాటు చేసుకోండి. నాకు ఆ కారణంగా రెండు ఇళ్ళ పిలుపులు ఆగిపోయాయి.

ఆ బస్సు డబ్బు సంగతి చెబుతానన్నాను. హైస్కూలు ఆటలకు సంబంధించిన ఒక ఖర్చును ఏడాది వాయిదా వేసి తెచ్చాం. అది ఊళ్ళో బలంగా ఉన్న కుటుంబాల పిల్లలు ఆడే ఆట. సమావేశంలో రాత్రి పదకొండున్నర దాకా తిట్లు తిన్నాం. నా ముందున్న చిన్న గడియారంలో ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు చొప్పున తిరుగుతూ ఉంటే, నేను జవాబు చెప్పకుండా రాసుకుంటూ కూర్చున్నాను. ప్రజల వ్యాఖ్యల సమయంలో సభ్యులు వాదనకు దిగకపోవడం మా బోర్డు పద్ధతి. అపార్ట్‌మెంట్ల నుంచి ఆ రాత్రి ఎవరూ రాలేదు. వాళ్ళలో చాలామందికి రాత్రి షిఫ్టు. మూడో ఎన్నికలో ఆటగాళ్ళ తల్లిదండ్రులు ఉన్న రెండు పోలింగ్ కేంద్రాల్లో నా ఓట్లు బాగా పడిపోయాయి. అపార్ట్‌మెంట్లున్న కేంద్రంలో మొత్తం పోలైనవే చాలా తక్కువ. అయినా గెలిచాను, ప్రతిసారీ ఓటు వేసే ఆ ఐరిష్ దంపతుల లాంటి వాళ్ళ వల్ల.

కాబట్టి మీరు నామినేషన్ వేసే ముందు, ఎన్నిక హడావిడి లేని ఇప్పుడే, నాలుగు నెలలు మీ బోర్డు సమావేశాలకు వెళ్ళి వెనక వరసలో కూర్చోండి. బడ్జెట్ పత్రం తెచ్చుకుని రవాణా, ప్రత్యేక విద్య, ఆరోగ్య బీమా పద్దులు చదవండి. ఒక రోజు ఉదయం మీ ఊళ్ళో బస్సు రాని దారి ఏదో కనుక్కుని ఆ దారిలో నడవండి. ఆ నాలుగు నెలల్లో మీకు కోపం తెప్పించిన విషయం ఏదీ కనబడకపోతే ఈ ఏడాది పోటీ చేయకండి, మీ శనివారాలు మీ పిల్లలకు ఇవ్వండి. కనబడితే దాని గురించి ఇక్కడ రాయండి, నామినేషన్ పత్రం నింపడంలో నేను సాయం చేస్తాను.